పగ తీర్చమని దేవుణ్ణి అడగడం తప్పా? రోమా 12, కీర్తన 109, మా నాయన చెయ్యి

చండూరు పాఠకుడు (సోమవారం, రాత్రి 10:20)

అందరికీ వందనాలు. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది చండూరు దగ్గర పల్లె. పోయిన వానాకాలం పొలం గట్టు దగ్గర మాటామాటా పెరిగి పక్క చేను వాళ్లు మా నాయనను కొట్టారు. కుడి చెయ్యి మోచేతి కింద విరిగింది. ప్లేటు వేసి కుట్టారు. ఎముక అతికింది కానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. ఎడమ చేత్తో తినడం ఆయనకు నామోషీ. అందుకే చుట్టాలు ఎవరైనా వస్తే అందరూ తిని లేచేదాకా ఆకలి లేదంటాడు. కేసు కోర్టులో ఉంది.

కొట్టినవాళ్లు మా సంఘంలోని వాళ్లే. ఆదివారం ముందు చాప మీద వాళ్లు, వెనక చాప మీద మేము. ఒకే పాట పాడతాం.

ఇప్పుడు గుడ్ ఫ్రైడే వస్తోందని సంఘ పెద్దలు నలుగురు ఇంటికి వచ్చారు. "మీకు మీరే పగతీర్చుకొనక దేవుని ఉగ్రతకు చోటియ్యుడి" అన్న రోమా 12:19 చదివి, కేసు వాపసు తీసుకుని రాజీ పడమన్నారు. వాళ్లలో ఒకాయన పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు: "నీతిమంతునికి ఇట్లాంటివి ఊరికే రావు, నీలో ఏముందో పరీక్షించుకో." మా నాయన ఏమీ అనలేదు. ఆ రాత్రి బైబిలు తీసి కీర్తన 109 గట్టిగా చదివాడు. "వాని బిడ్డలు తండ్రిలేనివారవుదురు గాక, వాని భార్య విధవరాలగును గాక." అప్పటి నుంచి రోజూ అదే కీర్తన. మా అమ్మ భయపడి చెవులు మూసుకుంటుంది. ఎందుకంటే ఆ కొట్టినాయన చిన్న కూతురు సాయంత్రం మా ఇంటికే ట్యూషన్‌కు వస్తుంది, మా చెల్లెలు దగ్గరికి.

నా ప్రశ్న ఇది. ఒకే గ్రంథంలో ఒకచోట "నీ శత్రువు పడినప్పుడు సంతోషింపకుము" (సామెతలు 24:17) అని ఉంది. ఇంకోచోట ప్రతిదండన చూసి నీతిమంతులు సంతోషిస్తారు, భక్తిహీనుల రక్తంలో పాదాలు కడుక్కుంటారు (కీర్తన 58:10) అని ఉంది. సిలువ మీద ప్రభువు "వీరిని క్షమించుము" అన్నాడు. ప్రకటన 6:10లో చంపబడిన భక్తులు "యెందాక మా రక్తానికి ప్రతిదండన చేయకుండా ఉంటావు" అని అరుస్తున్నారు. పెద్దలు పట్టుకున్నదీ వాక్యమే, మా నాయన పట్టుకున్నదీ వాక్యమే. ఏది నిలబడుతుంది? మా నాయన చేసేది ప్రార్థనా, శాపమా?

---

నిర్వాహకుడు (సోమవారం, రాత్రి 10:48)

తమ్ముడూ, ధైర్యంగా రాశారు. ఒక్క విన్నపం అందరికీ: ఊరి పేరు, మనుషుల పేర్లు, కేసు నంబరు ఎవరూ అడగొద్దు, రాయొద్దు. కేసు నడుస్తోంది.

---

దేవరకొండ చెల్లి (సోమవారం, రాత్రి 11:05)

అన్నా, చెవులు మూసుకున్న అమ్మ గురించి చదివి ఏడుపు వచ్చింది. వాక్యం గురించి చెప్పేంత జ్ఞానం నాకు లేదు. మీ నాయనతో ఎవరైనా కూర్చున్నారా? యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా నేల మీద ఆయన పక్కన కూర్చున్నారు. నోరు తెరిచాకే పాడు చేశారు.

---

నల్గొండ హేతువాది (మంగళవారం, ఉదయం 7:15)

నేను దేవుణ్ణి నమ్మను. అయినా ఈ వేదికలో నన్ను ఎవరూ వెళ్లగొట్టలేదు కాబట్టి మర్యాదగానే నా మాట చెబుతాను.

వైరుధ్యం ఉందా అంటే ఉంది. దాన్ని అతికించడానికి ఎందుకు అంత కష్టపడతారు? అది వందల ఏళ్ల పాటు వేర్వేరు మనుషులు రాసిన గ్రంథాల కట్ట. నిర్గమకాండం 20:5లో తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా పిల్లల మీదికి వస్తుంది. యెహెజ్కేలు 18:20లో తండ్రి దోషానికి కొడుకు శిక్ష మోయడు. ద్వితీయోపదేశకాండం 24:16లో కొడుకుల దోషానికి తండ్రులను, తండ్రుల దోషానికి కొడుకులను చంపకూడదని చట్టమే ఉంది. అయినా రెండో సమూయేలు 21లో, దావీదుకు ముందు రాజైన సౌలు చేసిన నేరానికి ఆయన కొడుకులను, మనవళ్లను మొత్తం ఏడుగురిని గిబియోనీయులు అనే జాతివాళ్లకు అప్పగించి ఉరి తీయించింది ఎవరు? దావీదు. ఆ తర్వాత దేవుడు దేశం కోసం చేసిన ప్రార్థన విన్నాడని రాశారు. ఇది ఏ లెక్కన సరిపోతుంది?

చండూరు మిత్రమా, మీ నాయనకు కావాల్సింది వాక్యం కాదు, న్యాయం. కేసు వదలకండి.

---

జడ్చర్ల పెద్దాయన (మంగళవారం, ఉదయం 9:30)

ప్రియమైన తమ్ముడికి వందనాలు. నాకు డెబ్భై దాటాయి. మెన్నోనైట్ బ్రదరన్ సంఘంలో పుట్టాను, మిషన్ ఆసుపత్రి ఆవరణలోనే ఆడుకుంటూ పెరిగాను. మా సంఘానికి శత్రువును ప్రేమించడం అనేది పక్కన పెట్టగలిగే బోధ కాదు, మా వాళ్లు రక్తంతో కట్టిన పునాది అది.

చిన్నప్పుడు సండే స్కూల్లో విన్న సంగతి చెబుతాను. నెదర్లాండ్స్‌లో ఆస్పెరెన్ అనే ఊరు. 1569. డర్క్ విల్లెమ్స్ అనే విశ్వాసి, పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నందుకు జైల్లో పెట్టారు. గుడ్డలు ముడివేసి తాడులా చేసుకుని కిటికీలోంచి దిగి పారిపోయాడు. గడ్డ కట్టిన నీటి మీదుగా పరిగెత్తాడు. ఆకలికి చిక్కిపోయిన మనిషి కాబట్టి మంచు ఆయన బరువు ఆపింది. తరుముతూ వచ్చిన కావలివాడి బరువుకు పగిలింది. వాడు మునిగిపోతూ కేక వేశాడు. డర్క్ వెనక్కి తిరిగి వచ్చి వాణ్ణి పైకి లాగాడు. ఒడ్డున ఉన్న అధికారి పట్టుకోమని అరిచాడు. పట్టుకున్నారు. ఆ మే నెలలో మంటల్లో కాల్చి చంపారు.

ఆయన కీర్తన 109 చదవలేదా? చదివే ఉంటాడు. కానీ మునుగుతున్న మనిషి ముందు ఆయనకు గుర్తొచ్చింది రోమా 12:20, "నీ శత్రువు ఆకలిగొనియుంటే అతనికి భోజనము పెట్టుము." పాత నిబంధనలో పగ మాటలు ఉన్నాయి, కాదనను. క్రీస్తు వచ్చాక వాటి కాలం అయిపోయింది. మీ నాయనకు నా మాటగా చెప్పు: రాజీ పడితే ఓడిపోయినట్టు కాదు.

---

కోయిలకొండ టీచరమ్మ (మంగళవారం, మధ్యాహ్నం 1:40)

పెద్దాయన గారికి నమస్కారం. డర్క్ విల్లెమ్స్ గురించి చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. కానీ మీరు చివర అన్న రెండు మాటలతో నాకు పేచీ ఉంది, పెద్దవారు క్షమించాలి.

ఒకటి. "పాత నిబంధనలో పగ, కొత్త నిబంధనలో ప్రేమ" అనే విభజన. క్రీస్తు శకం 144లో రోమా సంఘం మార్సియోను అనే ఆయన్ను వెలివేసింది ఇలాంటి బోధకే: పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు ఆయన. మీరు అంత దూరం పోలేదు, తెలుసు. కానీ గ్రంథం ఆ గీతను ఒప్పుకోదు. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న మాట లేవీయకాండం 19:18లోది. అదే వచనం మొదట్లో కీడుకు ప్రతికీడు చేయకూడదని ఉంది. శత్రువుకు అన్నం పెట్టమన్న రోమా 12:20 సామెతలు 25:21 నుంచి ఎత్తి రాసింది. "పగతీర్చుట నా పని" ద్వితీయోపదేశకాండం 32:35లో మోషే పాట. రోమా పత్రిక రాసిన పౌలు ఆ పేరాలో కొత్తగా కనిపెట్టిన మాట దాదాపు లేదు. అటు పక్క ప్రతిదండన కోసం అరిచిన భక్తులు ఉన్నది కొత్త నిబంధన చివరి పుస్తకంలో.

రెండోది, నాకు ఇది చాలా ముఖ్యం. మనం "పగ" అనే తెలుగు మాట దగ్గర తడబడుతున్నాం. పగ అంటే మనకు ఏం గుర్తొస్తుంది? పాము పగ. తరాల పగ. చీకట్లో కాపు కాయడం. రోమా 12:19లో గ్రీకు మాట ఎక్‌దికేసిస్. దాని లోపల ఉన్నది "దికే", అంటే న్యాయం. ఇప్పుడు లూకా 18 తీయండి. అన్యాయస్థుడైన న్యాయాధిపతి గుమ్మం చుట్టూ తిరిగే విధవరాలు. "నా ప్రతివాదికిని నాకును న్యాయము తీర్చుము" అంటుంది. అక్కడున్నదీ ఆ మాట కుటుంబమే. ప్రకటన 6:10లో హతసాక్షుల కేక కూడా అదే మాట. మన పాత అనువాదంలో ఒక చోట "పగతీర్చుట", ఒక చోట "న్యాయము తీర్చుట", ఒక చోట "ప్రతిదండన" అయ్యింది. అనువదించిన వాళ్లను తప్పు పట్టను. సందర్భాన్ని బట్టి ఒక్కో మాట వేసుకున్నారు. కానీ ఫలితం చూడండి. విధవరాలు అడిగితే న్యాయం, చండూరు రైతు అడిగితే పగ.

అదే మాటతో రోమా 12:19 మళ్లీ చదువుకోండి: మీ న్యాయం మీ చేతులతో తీర్చుకోకండి, తీర్చడం నా పని. ఇందులో "అసలు తీర్చేది లేదు, మరిచిపో" అన్న అర్థం ఎక్కడైనా ఉందా? ఆ పైన అధ్యాయాల విభజన పౌలు పెట్టింది కాదు. ఆయన ఆగకుండా 13:4లోకి వస్తాడు. అధికారి ఊరకయే ఖడ్గం ధరించడు, కీడు చేసేవాడికి ప్రతికారం చేసే దేవుని పరిచారకుడు అంటాడు. అక్కడ కూడా ఆ మాట కుటుంబమే. అంటే కర్ర పట్టుకుని పక్క చేనుకు పోవద్దు. కోర్టుకు పోవద్దని ఆ వాక్యం చెప్పలేదు.

---

పాలమూరు వకీలు (మంగళవారం, సాయంత్రం 4:10)

టీచరమ్మ గారి పోస్టుకు చట్టం వైపు నుంచి నాలుగు ముక్కలు. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయం కింద లెక్కిస్తుంది. పోలీసు కేసు నమోదై కోర్టుకు పోయిందంటే అది మీకూ వాళ్లకూ మధ్య విషయం మాత్రమే కాదు, కేసు నడిపేది ప్రభుత్వం. సంఘ పెద్దల ముందు తెల్ల కాగితం మీద సంతకాలు పెట్టుకుంటే కేసు పోదు. తీవ్ర గాయం కేసులో రాజీ అంటే కోర్టు అనుమతి కావాలి. ప్రమాదకరమైన ఆయుధంతో కొట్టారన్న సెక్షన్ పడితే మామూలు రాజీకి వీలే ఉండదు. ముందు మీ చార్జిషీటులో ఏ సెక్షన్లు ఉన్నాయో మీ వకీలును అడగండి.

ఇంకోటి. రాజీ పడినా వైద్యం ఖర్చు, పోయిన కూలి, గట్టు కొలతలు, ఇవన్నీ అడగొచ్చు. క్షమించాను కాబట్టి సర్వేయర్‌ను పిలవను అనుకోనక్కర్లేదు.

"కంటికి కన్ను" గురించి కూడా. దాన్ని పగకు అనుమతిగా చదువుతారు కానీ అది పరిమితి. ఆదికాండం 4లో కయీను వంశంలోని లెమెకు పాడిన పాట చూడండి: కయీను కోసం ఏడంతలు అయితే తన కోసం డెబ్భై ఏడంతలు. ఒక దెబ్బకు ఊరంతా తగలబెట్టే కాలంలో, కన్నుకు కన్నుకు మించి వద్దు అని ఆపిన చట్టం అది. ఆ వెంటనే నిర్గమకాండం 21:26లో యజమాని తన దాసుడి కన్ను పోగొడితే యజమాని కన్ను తీయమనలేదు, దాసుణ్ణి విడుదల చేయమంది. తర్వాతి కాలంలో యూదు పండితులు దీన్ని నష్టపరిహారంగానే తీర్పు చెప్పారు. వాళ్ల పాత న్యాయ సంపుటి మిష్నాలో చెంపదెబ్బకు 200 జూజులు (వెండి నాణేలు), వెనక చేత్తో కొడితే 400 అని ఉంది. దెబ్బ చిన్నదే, అవమానం రెండింతలు కాబట్టి.

---

నల్గొండ హేతువాది (మంగళవారం, సాయంత్రం 5:30)

వకీలు గారూ, దాసుడి కన్నుకు స్వేచ్ఛ, యజమాని కన్నుకు కన్ను. అది సమానత్వం కాదు కదా. పరిమితి అన్నంత వరకు ఒప్పుకుంటాను. పాత బబులోను రాజు హమ్మురాబి శాసనంలో ఇల్లు కూలి యజమాని కొడుకు చనిపోతే కట్టిన మేస్త్రి కొడుకును చంపమని ఉంది. దాంతో పోలిస్తే ద్వితీయోపదేశకాండం 24:16 పెద్ద అడుగే. కానీ నేను అడిగిన రెండో సమూయేలు 21 గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

---

మర్రిగూడ బిడ్డ (మంగళవారం, రాత్రి 9:15)

నేను పగ గురించి కాదు, ఆ పెద్దమనిషి పోతూ పోతూ అన్న మాట గురించి రాస్తాను. "నీలో ఏముందో పరీక్షించుకో." ఆ మాట నాకు నిప్పులా తగిలింది.

మాది ఫ్లోరైడ్ ఊరు. మా అక్కకు ఆరేళ్లప్పుడు కాళ్లు వంగడం మొదలైంది. పళ్ల మీద గోధుమరంగు చారలు మా ఊళ్లో అందరికీ ఉండేవి, దాన్ని జబ్బని ఎవరూ అనుకోలేదు. కానీ కాళ్లు వంగితే మాత్రం "ఎవరు ఏం పాపం చేశారో" అన్నారు. హిందువులు పూర్వజన్మ అన్నారు. మావాళ్లు తాతల దోషం అన్నారు, నిర్గమకాండం 20:5 చూపించి. ఉపవాస కూడికలో మా అమ్మను నిలబెట్టి ఒప్పుకోలు ప్రార్థన చేయించారు. అమ్మ ఏం ఒప్పుకుంటుంది? రోజూ బోరింగు నుంచి బిందె తెచ్చి పిల్లలకు తాగించింది. ఆమె చేసింది అదే.

పాపం బోరింగులో ఉంది. మా నేల కింద గ్రానైట్ రాయి, అందులోంచి నీళ్లలోకి ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. మా దగ్గర నీళ్లు దానికి ఎన్నో రెట్లు ఉండేవి. బోరు లోతుకు పోయేకొద్దీ మాకు విషమే దొరికింది. పటిక, సున్నం వేసి ఆ నీళ్లను శుద్ధి చేసే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అని పేరు. మా బాధ మీద మా జిల్లా పేరు అలా నిలిచిపోయింది.

యోహాను 9లో శిష్యులు పుట్టుగుడ్డివాణ్ణి చూసి అదే ప్రశ్న అడిగారు: వీడా, వీని కన్నవారా? ప్రభువు "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడు. మా అమ్మ ఆ వచనం కింద గీత గీసుకుంది. ఇప్పటికీ ఆ పేజీ నలిగి ఉంటుంది. కానీ నిజం చెప్పాలంటే యోహాను 5:14లో ముప్పై ఎనిమిదేళ్లు రోగిగా ఉన్న మనిషితో "మరి యెక్కువ కీడు నీకు కలుగకుండునట్లు ఇకను పాపము చేయకుము" అని కూడా ఆయనే అన్నాడు. అది చదివినప్పుడల్లా నాకు టెన్షన్ వచ్చేది. ఒకే సువార్తలో నాలుగు అధ్యాయాల దూరంలో రెండు మాటలు. నా మట్టుకు నేను అర్థం చేసుకున్నది ఇది: పాపం వల్ల బాధ రావడం ఉంది. తాగి బండి నడిపితే కాలు విరుగుతుంది. కానీ బాధను చూసి వెనక్కి నడిచి పాపాన్ని వెతకడం, అది పక్కవాడి మీద చేయడం, ఆయన ఒప్పుకోలేదు. లూకా 13లో సిలోయము గోపురం పడి చచ్చిన ఆ 18 మంది మిగతా వాళ్లకంటే పాపులు కారు అని ఆయనే చెప్పాడు.

చండూరు అన్నా, మీ నాయన చెయ్యి విరిగింది కర్ర వల్ల.

---

కోయిలకొండ టీచరమ్మ (మంగళవారం, రాత్రి 9:50)

చెల్లీ, అమ్మగారికి నా వందనాలు చెప్పు. ఒక్క మాట కలుపుతాను. యోహాను 9:3లో "దేవుని క్రియలు వీనియందు ప్రత్యక్షపరచబడుటకే" అన్నది చాలామందికి గుచ్చుకుంటుంది, దేవుడు మహిమ కోసం పిల్లవాణ్ణి గుడ్డివాడిగా పుట్టించాడా అని. పాత గ్రీకు ప్రతులలో ఫుల్‌స్టాపులు, కామాలు ఇప్పటిలా లేవు. కాబట్టి కొందరు పండితులు ఆ ముక్కను తర్వాతి వచనంతో కలిపి చదువుతారు: వీడూ పాపం చేయలేదు, కన్నవాళ్లూ చేయలేదు. అయితే దేవుని క్రియలు వీనిలో కనబడేలా, పగలున్నంతవరకు మనం పని చేయాలి. అప్పుడు "ఎందుకు వచ్చింది" అన్న ప్రశ్న పోయి "ఇప్పుడు ఏం చేయాలి" అన్నది మిగులుతుంది. మీ ఊరికి కృష్ణా నీళ్లు తెచ్చినవాళ్లు ఆ పగటి పని చేశారని నాకు అనిపిస్తుంది.

---

గద్వాల రీడర్ (బుధవారం, ఉదయం 6:40)

హేతువాది గారూ, రెండో సమూయేలు 21 అడిగారు కదా. రాత్రంతా అదే తిప్పాను.

మీరు చెప్పినదంతా అక్కడ ఉంది, తప్పించుకోను. మూడేళ్ల కరువు. పాలమూరు వాళ్లకు మూడేళ్ల కరువంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కరువుకు కారణం సౌలు గిబియోనీయులను చంపడమే అని దేవుడి నుంచి జవాబు వచ్చింది. కానీ ఏడుగురిని ఉరి తీయమని దేవుడు చెప్పాడా? చెప్పినట్టు రాయలేదు. మీకేం కావాలని దావీదు గిబియోనీయులను అడిగాడు. వాళ్లు అడిగింది ఇచ్చాడు.

ఆ తర్వాత కథ రాజు దగ్గర లేదు. రిస్పా అనే ఆమె, ఉరి తీసిన వాళ్లలో ఇద్దరి తల్లి, గోనెపట్ట తెచ్చి బండ మీద పరుచుకుని కూర్చుంది. కోత మొదలైన రోజు నుంచి వాన పడేదాకా. పగలు పక్షులు వాలకుండా, రాత్రి అడవి మృగాలు రాకుండా, శవాలను కాసింది. ఆ ఎండ తలుచుకోండి. ఆమె చేసింది దావీదుకు తెలిసింది. అప్పుడు ఆయన సౌలు ఎముకలు, సౌలు కొడుకు యోనాతాను ఎముకలు తెప్పించి, ఉరి తీసిన వాళ్ల ఎముకలు ఏర్పించి, సౌలు తండ్రి కీషు సమాధిలో పాతిపెట్టించాడు. దేశం కోసం చేసిన విన్నపం దేవుడు ఆలకించాడన్న వాక్యం ఎక్కడ ఉందో చూడండి. ఉరి తర్వాత లేదు. పాతిపెట్టిన తర్వాత ఉంది, 14వ వచనంలో.

దీంతో వైరుధ్యం తీరిపోయిందని నేను అనను. ఏడుగురూ చచ్చారు. కానీ రాసినవాడు మన కళ్లను రాజు మీద నుంచి తీసి ఆ బండ మీద పెట్టాడు.

కీర్తన 137 గురించి మాత్రం నా దగ్గర జవాబు లేదు. "నీ పసిపిల్లలను పట్టుకొని వారిని బండకు వేసి కొట్టువాడు ధన్యుడు." బబులోను వాళ్లు యెరూషలేమును కూల్చి చెరపట్టుకుపోయిన జనం పాట అది. వాళ్ల పిల్లలకు జరిగిందే వాళ్లు కోరుకున్నారని అర్థమవుతుంది. అర్థం కావడం వేరు, ఆమేన్ అనడం వేరు. కథోలిక సంఘం 1970ల మొదట్లో దినప్రార్థనల పుస్తకాన్ని సవరించినప్పుడు 58, 83, 109 కీర్తనలను మొత్తంగా, 137 చివరి వచనాల లాంటివి కొన్నింటిని తీసేసింది. బైబిల్లోంచి తీయలేదు, కలిసి చేసే ప్రార్థనలోంచి తీసింది.

---

దేవరకొండ చెల్లి (బుధవారం, ఉదయం 8:00)

తీసేయడం నాకు నచ్చలేదు. ఆ మాటలు లేకపోతే చెయ్యి విరిగినవాడు ఏం ప్రార్థన చేయాలి? "స్తోత్రం, స్తోత్రం" అనా?

---

గద్వాల రీడర్ (బుధవారం, ఉదయం 8:25)

అక్కా, అది కూడా నిజమే. కీర్తన 88 ఒకటుంది, చీకటిలోనే ముగుస్తుంది, చివర స్తోత్రం లేదు. దాన్ని ఎవరూ తీసేయలేదు. 109ను ఇంట్లో ఒంటరిగా చదవడం, ముందు చాప మీద ఆ మనిషి కూర్చుని ఉండగా గుడిలో చదవడం ఒకటి కాదని మాత్రం అంటాను.

---

నల్గొండ హేతువాది (బుధవారం, ఉదయం 10:10)

రిస్పా గురించి నాకు తెలియదు. అధ్యాయం చదివాను కానీ మొదటి తొమ్మిది వచనాలకే ఆగిపోయాను, వాదనకు అవి చాలని. ఇప్పుడు మొత్తం చదివాను. నా అభిప్రాయం మారలేదు: నిరపరాధులు ఏడుగురు చనిపోయారు, గ్రంథం దాన్ని సూటిగా ఖండించలేదు. కానీ ఆ తల్లిని రాసి పెట్టినవాడు మనసున్నవాడు. అంతవరకు ఒప్పుకుంటాను.

---

జడ్చర్ల పెద్దాయన (బుధవారం, సాయంత్రం 6:45)

నిన్నటి నుంచి ఈ పోస్టులన్నీ మనవరాలితో చదివించుకున్నాను. టీచరమ్మ చెప్పిన లూకా 18 కూడా.

ఒక సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల కింద నేను సంఘ పెద్దగా ఉన్నప్పుడు ఒక ఇల్లాలిని భర్త కొడితే, కంప్లెయింట్ ఇస్తానని ఆమె బయలుదేరితే, నేనే ఆపాను. మత్తయి 5:39 చదివి, ఎడమ చెంప కూడా తిప్పమని చెప్పి ఇంటికి పంపాను. అప్పుడు అది వాక్యపరిచర్య అనుకున్నాను. ఆమె ఆ తర్వాత ఒకటిన్నర ఏడాది దెబ్బలు తిన్నది. పుట్టింటి వాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఆమెను నేను మళ్లీ కలవలేదు.

ఆ చెంప మాట చెప్పిన ప్రభువునే ప్రధానయాజకుడి ఎదుట బంట్రోతు కొట్టాడు. యోహాను 18:23. ఆయన రెండో చెంప తిప్పలేదు. "మంచి మాట ఆడినయెడల నన్నేల కొట్టుచున్నావు" అని అడిగాడు. ఫిలిప్పీ పట్టణంలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి, మర్నాడు గుట్టుగా పొమ్మంటే పౌలు పోలేదు, అధికారులే వచ్చి వెలుపలికి తీసుకుపోవాలన్నాడు. ఈ వచనాలు నాకు అప్పుడూ తెలుసు. ఆ రోజు ఆమెకు చదివి వినిపించలేదు.

డర్క్ విల్లెమ్స్ మాట నేను వెనక్కి తీసుకోను. కానీ ఆయన్ను మంచు మీద వెనక్కి తిరగమని ఒడ్డున ఉన్నవాళ్లు ఎవరూ చెప్పలేదు. ఆయనే తిరిగాడు. నేను మాత్రం ఒడ్డు మీద నిలబడి ఆమెను తిరగమన్నాను. తమ్ముడూ, మీ నాయనను రాజీ పడమని నిన్న చెప్పాను. ఆ మాట నా నోటి నుంచి రావాల్సింది కాదు. మీ సంఘ పెద్దలు ఒకసారి కొట్టినాయన ఇంటికి కూడా పోయి రోమా 12 చదివారా? 12:17 ఆయనకే కదా, "కీడుకు ప్రతి కీడెవనికిని చేయవద్దు."

---

పాలమూరు వకీలు (బుధవారం, రాత్రి 7:20)

పెద్దాయనా, మా కోర్టు వరండాలో ఇట్లాంటి ఆడవాళ్లను ఎంతోమందిని చూశాను. ఇంత సూటిగా ఒప్పుకున్న పెద్దమనిషిని చూడలేదు. నమస్కారం.

---

కోయిలకొండ టీచరమ్మ (బుధవారం, రాత్రి 8:30)

చండూరు తమ్ముడికి, కీర్తన 109 గురించి చివరిగా. ఆ కీర్తన మొదటి మాట "నా స్తుతికి కారణభూతుడవగు దేవా". అంటే మాట్లాడేది శత్రువుతో కాదు, దేవుడితో. పక్క చేను మీదికి పోవాల్సిన కోపం పైకి పోతోంది. 22వ వచనంలో "నేను దీనదరిద్రుడను, నా హృదయము నాలో గుచ్చబడియున్నది" అని ఉంది. మీ నాయన అక్కడిదాకా చదువుతున్నారా, తొమ్మిదో వచనం దగ్గరే ఆగిపోతున్నారా? నేనైతే ఆపమని చెప్పను. పక్కన కూర్చుని చివరిదాకా చదవమని అడుగుతాను. ఆ పిల్ల ట్యూషన్‌కు వచ్చే వేళకు మాత్రం వద్దు. ఆ బిడ్డ వినకూడదు.

---

చండూరు పాఠకుడు (శనివారం, రాత్రి 10:55)

అందరికీ వందనాలు. ఆలస్యంగా రాస్తున్నాను.

నిన్న గుడ్ ఫ్రైడే. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధనలో మొదటి మాట, "తండ్రీ, వీరిని క్షమించుము", సంఘ పెద్దలలో ఒకాయనే చెప్పాడు, మా వైపు చూస్తూ. నాయన తల దించుకోలేదు. ఇంటికి వచ్చాక నాతో అన్నాడు: "ఆయన తండ్రిని అడిగిండు క్షమించమని. నేను కూడా తండ్రినే అడుగుతున్న, నాకు న్యాయం చేయమని. ఇద్దరం ఆయన్నే కదా అడిగేది." ఇందులో వాక్యపరంగా తప్పుంటే టీచరమ్మ గారు చెప్పండి.

బుధవారం రాత్రి పక్కన కూర్చుని 109 చివరిదాకా చదివాను. 22వ వచనం దగ్గర ఆయన గొంతు పోయింది. మిగతాది నేనే చదివాను. మర్రిగూడ అక్కా, మీ పోస్టు కూడా చదివి వినిపించాను. "కర్ర వల్ల" అన్న చోట ఇంకోసారి చదవమన్నాడు.

పెద్దాయన గారి ప్రశ్న పెద్దలను అడిగాను. కొట్టినాయన ఇంటికి వాళ్లు పోలేదు. పోతామని ఇప్పుడు అన్నారు.

క్షమించాడా అంటే లేదు. కీర్తన ఆపాడా అంటే అదీ లేదు. వేళ మార్చాడు, పిల్ల పోయాక చదువుతున్నాడు. ఇవాళ సాయంత్రం ఆ పిల్ల లెక్కల పుస్తకం మరిచిపోయి వెళ్తే, చీకటి పడుతోందని టార్చి ఎడమ చేత్తో పట్టుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని వాళ్ల వాకిలి దాకా పోయి ఇచ్చి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదట. మంగళవారం వాయిదా ఉంది. ఆటో ఆయనే మాట్లాడుకున్నాడు.